క్రోన్స్, కొలైటిస్ ఉన్నవాళ్లు పళ్లూ చిగుళ్లూ ఎలా కాపాడుకోవాలి

క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ రెండూ పేగు వాచే దీర్ఘకాలిక జబ్బులు. వీటిలో ఏదైనా ఉందని తేలిన రోజు నుంచి మన ధ్యాసంతా కడుపు మీదే. ఇవాళ ఎన్నిసార్లు వెళ్లాం, రక్తం పడిందా లేదా, బరువు ఎంత తగ్గాం, రిపోర్టులో ఏముంది, ఎప్పుడూ ఇవే లెక్కలు. పళ్ల సంగతి కడుపు డాక్టరు అడగరు, మనకూ చెప్పాలని తోచదు. నా విషయంలోనూ అదే జరిగింది. క్రోన్స్ బయటపడ్డాక నాలుగేళ్ల పాటు డెంటిస్టు దగ్గరికే వెళ్లలేదు. పళ్లు తోముకుని ఉమ్మితే ఎర్రటి చార కనిపించేది, గట్టిగా తోమాను కాబోలు అనుకుని నీళ్లు పోసి కడిగేసేదాన్ని. ఒకరోజు కింది వరసలో ముందు పన్నును నాలుకతో నెడితే కదిలింది. అప్పుడు పరిగెత్తాను. డెంటిస్టు సన్నటి కొలత పుల్ల ఒకటి చిగురు పక్కన దించి "ఆరు" అన్నారు. బాగున్న చిగురుకీ పన్నుకీ మధ్య సందు 1 నుంచి 3 మిల్లీమీటర్లే ఉంటుంది. నాకు 6 ఉందంటే పన్నును పట్టి ఉంచే ఎముక అప్పటికే కొంత కరిగిపోయిందన్నమాట. అలా పోయిన ఎముక దానంతటది తిరిగి రాదు.

అన్నాళ్లూ నొప్పి అనేదే లేదు, అందుకే మోసపోయాను. చిగుళ్ల జబ్బు చాలామందిలో నొప్పి లేకుండానే లోపల లోపల తినేస్తుంది. కడుపు నొప్పిని పంటి బిగువున భరించడం అలవాటైన మనలాంటివాళ్లకి చిగురులో కాస్త రక్తం అసలు లెక్కలోకే రాదు. దయచేసి లెక్కలోకి తీసుకోండి. ఎందుకో ముందు చెప్తాను, ఏం చేయాలో తర్వాత.

నోటికీ పేగుకీ లింకు ఏంటి

నోటి నుంచి మలద్వారం దాకా ఒకటే గొట్టం. 1932లో క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ అనే ముగ్గురు డాక్టర్లు ఈ జబ్బు గురించి రాసినప్పుడు అది చిన్న పేగు చివరి భాగానికి వచ్చేదిగానే చెప్పారు. తర్వాత తెలిసిందేమిటంటే క్రోన్స్ ఆ గొట్టంలో ఎక్కడైనా రావచ్చు, నోటితో సహా. కొందరిలో, ముఖ్యంగా పిల్లల్లో, కడుపులో ఏ లక్షణమూ కనిపించకముందే పెదవి వాచడమో చెంప లోపల పుండ్లు పడటమో జరుగుతుంది. కొలైటిస్ పెద్ద పేగుకే పరిమితమైన జబ్బు అయినా, అది ఉన్నవాళ్లకీ నోట్లో పుండ్లు రావడం మామూలే.

ఇక రెండో దారి ఉమ్మి. రోజుకు లీటరుకు అటూ ఇటూగా ఉమ్మి మింగుతాం, దాంతో పాటు కోట్ల కొద్దీ బ్యాక్టీరియా కూడా లోపలికి పోతుంది. పొట్టలో యాసిడ్ చాలావాటిని చంపేస్తుంది, పేగులో ముందే స్థిరపడిన బ్యాక్టీరియా మిగిలినవాటికి చోటివ్వదు. పేగు వాచిపోయి, యాంటీబయాటిక్స్ వాడి వాడి ఆ లోపలి కాపలా చెదిరిపోయినప్పుడే గొడవ. 2017లో జపాన్‌కు చెందిన కెన్యా హోండా బృందం క్రోన్స్ రోగి ఉమ్మిని ఏ క్రిములూ లేకుండా పెంచిన ఎలుకలకు ఇచ్చి చూస్తే, అందులోని క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా రకం పేగులో కాపురం పెట్టి రోగనిరోధక కణాలను రెచ్చగొట్టింది. 2020లో అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు ఎలుకల్లో చిగుళ్ల జబ్బు తెప్పించి చూస్తే, వాటికి పేగు వాపు ఇంకా ముదిరింది. అక్కడ రెండు పనులు జరిగాయి. మింగిన బ్యాక్టీరియా పేగుకు చేరింది, ఆ బ్యాక్టీరియా మీద నోట్లో ఉన్నప్పుడే తయారైన రోగనిరోధక కణాలు కూడా వెనకాలే పేగుకు వెళ్లి అక్కడ మంట పెట్టాయి.

ఇవి ఎలుకల్లో చూసినవి. పళ్లు శుభ్రంగా ఉంచుకుంటే క్రోన్స్ తగ్గిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి, ఆ మాట విని మందులు మానేయకండి. మనుషుల్లో గట్టిగా తేలిన సంగతి ఇది: ఈ పేగు జబ్బులు ఉన్నవాళ్లలో చిగుళ్ల జబ్బూ పిప్పి పళ్లూ మిగతావాళ్లలో కంటే ఎక్కువ. మనం జాగ్రత్త పడటానికి ఈ ఒక్క కారణం చాలు.

వారానికోసారి అద్దం ముందు

మంచి వెలుతురులో నిలబడి, లేదా ఫోన్ టార్చ్ వేసుకుని, చేతులు కడుక్కుని మొదలుపెట్టండి. ముందు పెదవులు. ఒక పెదవి మందంగా, గట్టిగా, వారాల తరబడి వాచి ఉంటే అది ఎలర్జీ అని సరిపెట్టుకోకండి. నోటి మూలలు చూడండి, అక్కడ చర్మం చీలి మండుతుంటే ఐరన్ తగ్గి ఉండొచ్చు, ఫంగస్ ఉండొచ్చు, చాలాసార్లు రెండూ ఉంటాయి. తర్వాత కింది పెదవిని వేళ్లతో బయటికి లాగి, పెదవికీ చిగురుకీ మధ్య ఉండే గాడిని అటు నుంచి ఇటు దాకా చూడండి. చాలామంది వదిలేసే చోటు ఇదే. క్రోన్స్ పుండు ఆ గాడి వెంట కత్తితో గీసినట్టు పొడుగ్గా, లోతుగా, అంచులు ఉబ్బి ఉంటుంది. మామూలు నోటి పూత గుండ్రంగా, మధ్యలో తెల్లగా లేదా పసుపుగా, చుట్టూ ఎర్రటి అంచుతో ఉంటుంది, వారం పది రోజుల్లో మానిపోతుంది. రెండూ పక్కపక్కనే కూడా ఉండొచ్చు.

చెంప లోపలి వైపు రాళ్లు పరిచినట్టు ఎగుడుదిగుడుగా ఉందా, నాలుకతో తడిమితే తెలుస్తుంది. నాలుక మీద గరుకుతనం పోయి నున్నగా, ఎర్రగా, మంటగా ఉంటే బి12, ఫోలిక్ యాసిడ్, ఐరన్ పరీక్షలు అడగండి, ముఖ్యంగా చిన్న పేగు చివరి ముక్క ఆపరేషన్‌లో తీసేసినవాళ్లు, ఎందుకంటే బి12 ఒంటికి పట్టేది అక్కడే. తెల్లటి పొరలు కనిపించి, గుడ్డతో తుడిస్తే ఊడిపోయి కింద ఎర్రగా ఉంటే అది ఫంగస్, స్టెరాయిడ్లు వాడుతున్నప్పుడు తరచుగా వస్తుంది. చిగుళ్ల మీద, పెదవుల లోపల చిన్న చిన్న పసుపు చీము పొక్కులు కలిసిపోయి నత్త పాకిన జాడలా కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు. అది అరుదే, కానీ కొలైటిస్‌తో ముడిపడి ఉండే లక్షణం. డెంటిస్టుతో పాటు కడుపు డాక్టరుకీ వెంటనే చెప్పాలి.

ఏదైనా కొత్తగా కనిపిస్తే ఫోటో తీసి పెట్టుకోండి, తేదీతో సహా. అపాయింట్‌మెంట్ దొరికే రోజుకి పుండు మానిపోయి ఉంటుంది, అప్పుడు చూపించడానికి ఆ ఫోటోనే మిగులుతుంది. రెండు వారాలు దాటినా మానని పుండు ఏదైనా సరే, ఎంత చిన్నదైనా, డాక్టరు కంటితో చూడాల్సిందే. అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు.

రోజూ తోమడం

మెత్తటి బ్రష్, ఫ్లోరైడ్ ఉన్న పేస్ట్. ట్యూబు మీద ఫ్లోరైడ్ ఎంతో రాసి ఉంటుంది, పెద్దవాళ్లకి 1350 నుంచి 1500 పీపీఎం మధ్య ఉన్నది చూసుకోండి. పళ్లు ఎక్కువగా పాడవుతున్నవాళ్లకి 5000 పీపీఎం పేస్ట్ డెంటిస్టు రాసిస్తారు, అది సొంతంగా కొనుక్కునేది కాదు. రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి 2 నిమిషాలు, అందులో పడుకోబోయే ముందుది అస్సలు వదలొద్దు, నిద్రలో ఉమ్మి ఊరడం బాగా తగ్గిపోతుంది కాబట్టి.

బ్రష్‌ను పన్ను మీద తిన్నగా పెట్టి రుద్దితే చిగురు అంచు అలాగే మిగిలిపోతుంది. బ్రష్‌ను కాస్త వాల్చి, కుచ్చు చిగురు వైపు ఏటవాలుగా ఆనేలా పెట్టి, నొక్కకుండా, ఉన్నచోటే చిన్నగా కదిలించాలి. కింది ముందు పళ్ల వెనక వైపు బ్రష్‌ను నిలువుగా పట్టుకోండి. గార ముందుగా, ఎక్కువగా పట్టేది అక్కడే, నా పన్ను కదిలిందీ అక్కడే. అయ్యాక నురగ ఉమ్మేయండి కానీ నీళ్లతో పుక్కిలించకండి. చిన్నప్పటి నుంచీ నాలుగైదుసార్లు పుక్కిలించే అలవాటు ఉన్నవాళ్లకి మొదట్లో నోరు జిగటగా ఉన్నట్టు అనిపిస్తుంది, వారంలో అలవాటవుతుంది, ఫ్లోరైడ్ మాత్రం పళ్ల మీద నిలబడుతుంది.

పళ్ల సందుల్లోకి బ్రష్ పోదు, దానికి సందుల బ్రష్ లేదా ఫ్లాస్ (పళ్ల మధ్య లాగే సన్నటి దారం) కావాలి, రోజుకు ఒక్కసారి చాలు. సందుకు సరిపడే సైజు డెంటిస్టు చూపిస్తారు, ఒక్కోసారి ఒకే నోటికి రెండు సైజులు కావాల్సి వస్తుంది. మొదలుపెట్టిన కొత్తలో రక్తం వస్తుంది. భయపడి ఆపేయకండి, వాచిన చిగురు కాబట్టే రక్తం వస్తోంది, శుభ్రం చేస్తూ ఉంటే ఒకటి రెండు వారాల్లో తగ్గాలి. తగ్గకపోతే చిగురుకీ పన్నుకీ మధ్య సందు లోతుగా ఉందని, స్కేలింగ్, అంటే డెంటిస్టు గార తీయడం, అవసరమని అర్థం. స్కేలింగ్ చేస్తే పళ్లు వదులవుతాయని భయపడి మానేసేవాళ్లు చాలామంది. వదులైనవి ముందే వదులై ఉంటాయి, గార అడ్డుగా పట్టి ఉంచడం వల్ల తెలియలేదు, అంతే.

నోట్లో పుండ్లు ఉన్న రోజుల్లో పిల్లల బ్రష్ వాడండి, తల చిన్నగా ఉంటుంది కాబట్టి పుండుకు తగలదు. నురగ తెప్పించే ఎస్ఎల్ఎస్ (సోడియం లారిల్ సల్ఫేట్) లేని పేస్టుకు మారితే కొందరికి పూత రావడమే తగ్గుతుంది. పెదవి వాపు ఉన్న కొందరికి దాల్చినచెక్క, బెంజోయేట్ అనే నిల్వ పదార్థం పడవు, ఇవి తిండిలోనే కాదు, పేస్టుల్లో, మౌత్‌వాష్‌లలో కూడా ఉంటాయి. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ బాగా పనిచేస్తుంది కానీ రెండు వారాలకు మించి సొంతంగా వాడితే పళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, రుచి మారుతుంది. పేస్టుతో తోమిన వెంటనే వాడితే దాని పని దెబ్బతింటుంది, అరగంట ఆగండి.

ఫ్లేర్ వచ్చిన రోజుల్లో

ఫ్లేర్ అంటే జబ్బు మళ్లీ ముదిరిన సమయం. అసలు కష్టం ఇక్కడే. రాత్రి నాలుగుసార్లు బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, ఒళ్లు హూనమై, మంచం మీద పడ్డాక పళ్లు తోమే ఓపిక ఎవరికుంటుంది? నోటికి ఎక్కువ హాని జరిగేది సరిగ్గా ఆ రోజుల్లోనే. విరేచనాలతో ఒంట్లో నీరు పోయి నోరు ఎండుతుంది. కొంచెం కొంచెంగా రోజంతా ఏదో ఒకటి తింటాం, ఓఆర్ఎస్, తియ్యటి పోషక పానీయాలు గుటక గుటకగా తాగుతుంటాం. తీపి తగిలిన కొద్ది నిమిషాలకే పంటి మీద పాచిలో యాసిడ్ తయారవుతుంది, అది సర్దుకోవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. పది నిమిషాలకో గుటక వేస్తుంటే పంటికి తేరుకునే టైమే దొరకదు.

అలాగని ఓఆర్ఎస్ మానొద్దు, పోషక పానీయాలు మానొద్దు, వాటి అవసరం పళ్ల కంటే పెద్దది. తాగే తీరు మార్చుకుంటే చాలు. పోషక పానీయాన్ని గంటల తరబడి చప్పరించకుండా వీలైనంతలో కొద్దిసేపట్లో ముగించండి, స్ట్రా వాడండి, తర్వాత ఒక గుక్క మంచినీళ్లు నోట్లో తిప్పి మింగండి. ఐరన్ సిరప్‌కీ ఇదే పద్ధతి, లేకపోతే పళ్లు నల్లబడతాయి. వాంతి అయితే వెంటనే బ్రష్ పట్టుకోకండి, యాసిడ్ తగిలి మెత్తబడిన పంటి పైపొర అరిగిపోతుంది. గ్లాసు నీళ్లలో అర చెంచా వంట సోడా కలిపి పుక్కిలించి ఉమ్మేసి, గంట తర్వాత తోముకోండి.

నేను చేసేదేమిటంటే, మంచం పక్కన ఒక మూత ఉన్న డబ్బాలో బ్రష్, చిన్న పేస్ట్, ఉమ్మడానికి ఒక గిన్నె, నీళ్ల సీసా పెట్టుకుంటాను. లేవలేని రోజున పడక మీదే, కొంచెం పేస్టుతో, ఒక్క నిమిషమైనా సరే. రెండు పూటలా కుదరకపోతే రాత్రి పూటది. పేస్ట్ వాసనకే కడుపులో తిప్పితే ఉత్త నీళ్లలో ముంచిన బ్రష్‌తో పాచి తీసేయండి. ఇంట్లో మిమ్మల్ని చూసుకునేవాళ్లకి కూడా చెప్పి ఉంచండి, మందు వేసుకున్నావా అని అడిగినట్టే పళ్లు తోముకున్నావా అని అడగమని.

నోరు ఎండిపోతుంటే షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్ నమలమని చాలాచోట్ల చెప్తారు. మనకు అక్కడో చిక్కుంది. అందులో ఉండే సార్బిటాల్, జైలిటాల్ లాంటివి ఎక్కువైతే విరేచనాలు తెప్పిస్తాయి, గ్యాస్ పెంచుతాయి. ఫ్లేర్‌లో వద్దు, బాగున్నప్పుడు ఒకటో రెండో వేసుకుని పడుతుందో లేదో చూసుకోండి. కడుపు మెలిపెట్టకుండా ఇచ్చే కొన్ని మందులు కూడా నోటిని ఎండగడతాయి, ఎండటం మరీ ఎక్కువగా ఉంటే డాక్టరును అడిగితే నోటికి రాసుకునే జెల్ ఇస్తారు.

మందులూ నోరూ

మెథోట్రెక్సేట్ వాడుతున్నవాళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. అది వారానికి ఒక్కసారి వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే మొదట తెలిసే గుర్తుల్లో నోరంతా పుండ్లు పడటం ఒకటి. అలా జరిగితే అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయాలి, రేపు చూద్దాం అనుకోకూడదు. సరైన డోసులో వాడుతున్నా పూత రావచ్చు, దాన్ని తగ్గించడానికే ఫోలిక్ యాసిడ్ ఇస్తారు, అది మానకండి. అజాథియోప్రిన్ వాడుతూ నోట్లో పుండ్లు, గొంతు నొప్పి, జ్వరం కలిసి వస్తే రక్త పరీక్ష వెంటనే చేయించాలి, తెల్ల కణాలు పడిపోయి ఉండొచ్చు. సైక్లోస్పోరిన్ వాడేవాళ్లకి చిగుళ్లు పెరిగి పళ్లను కప్పేయొచ్చు, నోరు శుభ్రంగా ఉంటే ఆ పెరుగుదల తక్కువగా ఉంటుంది. బయాలజిక్స్ (రోగనిరోధక శక్తిని అదుపు చేసే మందులు, ఎక్కువగా ఇంజెక్షన్లు) మొదలుపెట్టబోతున్నవాళ్లు, టైముంటే, అంతకు ముందే ఒకసారి పళ్లు చూపించుకుని చీము పట్టిన పన్ను లాంటిదేమైనా ఉంటే తేల్చేసుకోండి.

డెంటిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు

ఒక కాగితం రాసుకుని వెళ్లండి. జబ్బు పేరు, ఇప్పుడు ఫ్లేర్ ఉందా లేదా, వాడుతున్న ప్రతి మందూ దాని డోసూ, స్టెరాయిడ్ ఎన్ని నెలల నుంచి, ఇంజెక్షన్ ఆఖరుసారి ఎప్పుడు, మళ్లీ ఎప్పుడు, ఈ మధ్య చేయించిన రక్త పరీక్ష, కడుపు డాక్టరు ఫోన్ నంబరు. స్టెరాయిడ్ల వల్ల ఎముకలు బలహీనపడి ఎముకల మందు వాడుతుంటే, అంటే అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ యాసిడ్, డెనోసుమాబ్ లాంటివి, అది పెద్ద అక్షరాలతో రాయండి. ఆ మందులు వాడేవాళ్లకి పన్ను పీకాక దవడ ఎముక మానకపోయే ప్రమాదం తక్కువే అయినా ఉంది, ముందే తెలిస్తే వాళ్ల జాగ్రత్తలు వాళ్లు తీసుకుంటారు. పన్ను పీకుతారని చెప్పి మీ అంతట మీరు ఏ మందూ, ముఖ్యంగా స్టెరాయిడ్, ఆపేయకండి.

కుర్చీలో కూర్చోగానే, మధ్యలో లేచి బాత్రూమ్‌కి వెళ్లాల్సి రావచ్చని చెప్పేయండి. సిగ్గుపడాల్సిందేం లేదు, చేయి ఎత్తితే ఆపుతారు. ఆ ఒక్క మాట చెప్పుకోలేక నేను రెండు అపాయింట్‌మెంట్లు మానుకున్నాను.

తర్వాత మందుల చీటీ. పంటి నొప్పికి మామూలుగా రాసే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, కెటోరోలాక్ మనలో కొందరికి ఫ్లేర్ రేపుతాయి. పారాసిటమాల్ ఒక్కటే ఉన్నది రాయమని అడగండి. పేరు చూసి మోసపోవద్దు, పారాసిటమాల్‌తో వీటిలో ఒకటి కలిపిన మాత్రలు చాలా ఉన్నాయి, స్ట్రిప్ వెనక ఉన్న పేర్లన్నీ చదవాలి. యాంటీబయాటిక్ రాస్తే నిజంగా కావాలా అని అడగడంలో తప్పు లేదు. ముఖం వాచి జ్వరం ఉంటే కావాలి, వేసుకోవాలి. వాపు, జ్వరం లేని పంటి నొప్పికి అసలు వైద్యం రూట్ కెనాలో, పన్ను తీయడమో అవుతుంది, యాంటీబయాటిక్ కాదు. క్లిండమైసిన్ లాంటివి వాడాక, కోర్సు అయిపోయిన కొన్ని వారాల లోపు కూడా, విరేచనాలు పెరిగితే ఫ్లేర్ అని మీరే తేల్చేసుకుని స్టెరాయిడ్ పెంచుకోకండి. క్లోస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా పట్టి ఉండొచ్చు, మల పరీక్షలో తెలుస్తుంది, దాని వైద్యం వేరు.

పుండ్లకు రాసిచ్చే స్టెరాయిడ్ పేస్ట్ వాడే పద్ధతి కూడా చెప్తాను, చాలామంది వేలితో రుద్దేస్తారు. ముందు పుండును శుభ్రమైన గుడ్డతో మెల్లగా అద్ది తడి తీయాలి, తర్వాత కొంచెం పేస్ట్ పుండు మీద అంటించి వదిలేయాలి, రుద్దితే పొడిపొడిగా రాలిపోతుంది. రాత్రి తోముకున్నాక పడుకునే ముందు పెడితే ఎక్కువసేపు నిలుస్తుంది. ఇలా పైన రాసే మందులకు మానని క్రోన్స్ పుండ్లు పేగు వైద్యం సరిచేస్తేనే మానుతాయి, అందుకే ఆ ఫోటోలు కడుపు డాక్టరుకీ చూపించండి.

సిగరెట్ తాగేవాళ్లు మానేయండి. క్రోన్స్‌ను ముదరబెడుతుంది, చిగుళ్లను పాడుచేస్తుంది, పైగా రక్తం రావడం తగ్గించి చిగుళ్ల జబ్బును కనపడనీయదు.

ఎన్నాళ్లకోసారి చూపించుకోవాలనేది మీ చిగుళ్లను బట్టి డెంటిస్టు చెప్తారు. నాకైతే మొదటి ఏడాది మూడు నెలలకోసారి రమ్మన్నారు, ఇప్పుడు ఆరు నెలలకోసారి. ఆ కింది పన్ను దగ్గర సందు 6 నుంచి 4కి వచ్చింది. పన్ను ఇంకా నా నోట్లోనే ఉంది, నెడితే కొంచెం కదులుతుంది.